నలభై నాలుగేండ్లకు దాసుకున్న కడుపు

మా వాడల ఎవలు నీళ్లోసుకున్నా ముందుగాల తెలిసేది నాకే. కోరుట్లల పదిహేనేండ్ల సంది ఆశ వర్కర్‌గ చేస్తున్న. కొత్త కోడలు వాంతి చేసుకున్నదంటే నాకు ఫోన్ వస్తది. పేరు రాసుకోవాలె, రక్తం పరీక్ష చేయించాలె, నెలకోసారి బీపీ చూపించాలె, గోలీలు మింగుతున్నదా లేదా అడగాలె, నొప్పులస్తే అంబులెన్సుకు ఫోన్ చేసి ఎంబడి పోవాలె. గిదే నా పని. "సిగ్గువడకుండ్రి, మూడో నెల రాకముందే చెప్పుండ్రి" అని ఎన్ని ఇండ్లల్ల చెప్పిన్నో నాకే యాదిలేదు.

గసొంటి నేను నా కడుపును ఏడు నెలలు దాసిన. ఇప్పుడు నా చిన్నబిడ్డకు తొమ్మిది నెలలు, బాగనే ఉన్నది. బీపీ గోలీ మింగుకుంట నేనూ బాగనే ఉన్న. గని నేను చేసిన పని యాదికొస్తే ఇప్పటికీ తలకాయ కిందికే పోతది. రాయనీకి గూడ శరమైతున్నది. నా అసొంటోళ్లు ఇంకెవలన్నా ఉంటే వాళ్లకు ఎవలో ఒకలు చెప్పాలె గదా అని రాస్తున్న.

జూలై

ఎండకాలంలనే నెలసరి ఆగింది. నలభై నాలుగేండ్లు, ఇగ పోయినట్టే అనుకున్న. పెగడపల్లిల మా అమ్మకు గూడ గీ వయసులనే ఆగినయి. మనసుకు జర నిమ్మళమే అనిపించింది.

మా ఆయన మస్కట్‌ల ఇరువై ఐదేండ్లు టైల్స్ పని చేసిండు. రెండేండ్లకోసారి వచ్చి రెండు నెలలుండి పోయేది. పోయిన యేడాది ముల్లె మూట సదురుకొని మొత్తానికే వచ్చిండు. ఇప్పుడు గదే పని కోరుట్లల చేస్తుండు. పెండ్లైన ఇరువై ఆరేండ్లకు మేమిద్దరం మొదటిసారి ఒక్క ఇంట్ల సంసారం చేస్తున్నం. గది గూడ నవ్వులాటైతదని నాకు తెల్వదు.

మాకు ఒక్కతే బిడ్డ, స్వప్న. సిరిసిల్లకు ఇచ్చినం. అల్లునికి నాలుగు సాంచెలున్నయి, ఇంట్లనే చీరెలు నేస్తడు. మంచోడే. పెండ్లై ఐదేండ్లు, పిల్లలు కాలే. కరీంనగర్‌ల డాక్టర్లకు చూపిస్తున్నరు. సూదులు, గోలీలు, స్కానింగులు. ఒక్కసారి నిలిచింది, మూడో నెలల పోయింది. గప్పుడు పక్కన నేనే ఉన్న. మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకొని "అమ్మా, నాల ఏం తక్కువున్నదే" అని అడిగింది. నేను కాళ్లొత్తుకుంట కూసున్న.

జూలైల ఒకనాడు పప్పుకు పోపు పెడుతుంటే కడుపుల తిప్పింది. మర్నాడూ గంతే. నా సంచిలనే పరీక్ష చేసే కిట్లు ఉంటయి. బాత్రూంల తలుపేసుకొని చూసిన. రెండు గీతలు వచ్చినయి. గా రెండు గీతలు ఎంతమంది ఆడపిల్లలకు నేనే చూపించిన్నో, ఎంతమంది నా మెడల చేతులేసి ఏడిసిండ్రో. నేను దాన్ని పేపర్ల సుట్టి, మా ఇంటి చెత్తల వెయ్యనీకి గూడ భయపడి, రెండు వాడల అవుతల మురికి నీళ్ల మోరీల పారేసి వచ్చిన.

ఎనిమిది దినాలకు మా ఆయనకు చెప్పిన. అన్నం తింటున్నడు. "నిజమేనా?" అని నవ్విండు. నా ముఖం చూసి నవ్వు ఆపిండు. చెయ్యి కంచంలనే ఉన్నది.

"స్వప్నకు ఎట్ల చెప్తమే?" అన్నడు.

"గదే నేనూ అనుకుంటున్న."

గంతే. సంతోషమా, బాధా, ఏదీ మాట్లాడుకోలే. మా ఇద్దరికీ ముంగట కనవడ్డది స్వప్న ముఖమే.

ఆగస్టు

కోరుట్లల ఏ దవాఖానకు పోయినా నన్ను గుర్తువడతరు. ముఖానికి స్కార్ఫ్ కట్టుకొని, పొద్దుగాల బస్సుకు జగిత్యాల పోయిన. చిన్న ప్రైవేటు దవాఖాన. బెంచీల మీద అందరూ ఇరువై, ఇరువై రెండేండ్ల పిల్లలు. నా పక్కన కూసున్న పిల్ల "ఆంటీ, మీ కోడలు లోపట ఉన్నదా?" అని అడిగింది. ఉన్నదని తల ఊపిన. గది నా మొదటి అబద్ధం.

డాక్టరమ్మ అడిగింది, "పెద్దపాపకు ఎన్నేండ్లు?"

"ఇరువై ఐదు."

ఆమె నవ్వలే. పెన్ను కింద పెట్టింది. "బీపీ ఎక్కువుందమ్మా. వయసుకు తోడు ఇదొకటి. ఉంచుకుంటరో లేదో మీ ఇద్దరి ఇష్టం, గని తొందరగ చెప్పాలె. ఉంచుకున్నా, ఉంచుకోకున్నా, చూపించుకోకుండ మాత్రం ఉండొద్దు. వచ్చే వారం రండి."

వచ్చే వారం పోలే. గా తర్వాతి వారమూ పోలే. తీయించుకోనీకి ధైర్యం చాలలే, ఉంచుకుంటున్న అని నోటితోని అననీకి ఇంకా చాలలే. ఇవాళ అందరూ "దేవుడిచ్చిండని ఉంచుకున్నవు, గొప్పదానివి" అంటరు. అబద్ధం. నేను ఉంచుకోలే, ఊకున్న. దినాలే పోయినయి. ఇంకొక మాట గూడ రాస్త, రాయకుంటే గీ రాతకు అర్థం లేదు. కొన్ని పొద్దులు లేవంగనే, ఇయ్యాల దానంతల అదే పోతే బాగుండు అనుకున్న. స్వప్న కడుపుల నిలువనిది నా కడుపుల నిలిచింది, నేను దాన్ని పొమ్మంటున్న.

గంజి పెట్టిన కాటన్ చీరెలు కట్టుడు మొదలుపెట్టిన. "లావైతున్నవేంది సుగుణక్కా?" అంటే "థైరాయిడ్" అని చెప్పిన. మా ఏఎన్ఎం సిస్టర్‌కు గూడ గట్లనే చెప్పిన. ఆమె కింద పదేండ్లు పని చేసిన, నమ్మింది.

బతుకమ్మ దినాలు

స్వప్న ప్రతి యేడాది పండుగకు మా ఇంటికే వస్తది. ఈసారి ముందుగాలనే ఫోన్ చేసింది.

"అమ్మా, మొదటినాడు ఎంగిలిపూలకే వస్త. ఆఖరి సద్దులదాక ఉంట."

"ఈసారి వద్దు బిడ్డా. నాకు జొరం ఇడుస్తలేదు. నీకు అంటుకుంటే నీ మందులకు ఇబ్బందైతది."

"సద్దులకు గూడ వద్దా?"

"వద్దు."

పెండ్లైన బిడ్డను బతుకమ్మకు తల్లిగారింటికి రావొద్దన్న. మా దిక్కు గంతకంటే పెద్ద మాట ఉండది. అత్తగారింట్ల ఆమె ఏమని చెప్పుకున్నదో నేను ఇప్పటికీ అడుగలే.

సద్దుల నాడు బెల్లం మలీద ముద్దలు డబ్బల పెట్టుకొని వచ్చేసింది. తల్లికి జొరమొస్తే రాకుంట ఎట్లుంటది అనుకున్నదట. మా ఆయన తలుపు తీసిండు. నేను మంచం మీదికెల్లి లేసిన. ఇంట్లనే ఉన్న గదా అని నైటీ మీద ఉన్న. ఆమె చూపు నా ముఖం మీదికెల్లి కిందికి దిగింది. ఐదేండ్ల సంది దవాఖాన్లల్ల బెంచీల మీద కూసున్న పిల్ల, ఆమెకు ఎవలూ చెప్పే పనిలేదు.

"ఎన్నో నెల?"

"ఆరు పడ్డది."

"ఆరు నెలల సంది జొరమా అమ్మా?"

నేను పోయి చెయ్యి పట్టుకున్న. గప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నన్ను ఇడుస్తలేదు.

"నువ్వు తీస్కపో స్వప్నా. పుట్టంగనే నీ ఒళ్లె వేస్త. నీ బిడ్డనే అని చెప్పుకో. నాలుగు నెలలు ఎటన్నా పోయి ఉందాం, ఎవలకూ తెల్వది. మీ అత్త నోరు మూతవడ్తది, నా ఇజ్జతి నిలుస్తది."

మా ఆయన "సుగుణా!" అన్నడు. గట్ల గట్టిగ నన్నెప్పుడూ పిలువలే.

స్వప్న చెయ్యి గుంజుకున్నది. అరువలే. సన్నగనే అడిగింది. "నాకు పిల్లలు లేరని ఇస్తున్నవా, నీకు శరమని ఇస్తున్నవా?"

నేను మల్ల ఆమె చెయ్యి పట్టుకోవోయిన.

"నా కోసమని ఒక్క మాట అనమ్మా. అబద్ధమైనా అను."

ఊరోళ్లందరికీ అబద్ధాలు చెప్పినదాన్ని, గా ఒక్క అబద్ధం నోట్లెకెల్లి రాలే. ఆమె డబ్బ బల్ల మీద పెట్టి ఎల్లిపోయింది. "బిడ్డా, ఆగు, నేను దింపుత" అనుకుంట వాళ్ల బాపు ఎనుక ఉరికిండు. బయట వాడంత బతుకమ్మలు బయటికొస్తున్నయి. గా పూల నడుమకెల్లి నా బిడ్డ కండ్లు తుడుసుకుంట బస్టాండు దిక్కు పోయింది.

నవంబర్

దసరా పోయినంక నేను ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలే. అల్లుడు ఒక్కసారి ఎత్తి "జర టైమియ్యుండ్రి అత్తమ్మా" అన్నడు.

కాళ్లు వాచుడు మొదలైంది. పొద్దుగాల చెప్పులు పట్టకపోవుడు, తలకాయ నొస్తే గోలీకి తగ్గకపోవుడు. ఇవన్నీ ఏందో నాకు తెల్వదా? నా సంచిల ఉన్న బొమ్మల పుస్తకంల మొదటి పేజీలనే ఉంటయి. ఒకనాడు సబ్‌సెంటర్‌ల ఎవలూ లేనప్పుడు మిషన్ పట్టీ నేనే కట్టుకొని బీపీ చూసుకున్న. పైన అంకె నూట అరవై దాటింది. ఇంకెవలకన్నా గా అంకె వస్తే చేతుల ఉన్న పని ఇడిసి బండెక్కించేదాన్ని. పట్టీ ఇప్పి, మడిసి, డబ్బల పెట్టి, తాళమేసి ఇంటికి వచ్చిన.

నాలుగు దినాలకు మా వాడల రజిత ఇంటికి పోయిన. ఇరువై ఒక్కేండ్ల పిల్ల, మొదటి కాన్పు, ఎనిమిదో నెల. ఆమెను మంచం మీద కూసోవెట్టి చెప్తున్న. "కాళ్లు వాస్తే, కండ్ల ముంగట మెరిసినట్టైతే, తలకాయ నొస్తే ఆగొద్దు, గంటల నాకు ఫోన్ చెయ్యాలె." ఆమె నా కాళ్ల దిక్కే చూస్తున్నది.

"సుగుణక్కా, మరి నీ కాళ్లు?"

గప్పుడే నా కండ్ల ముంగట మెరుపులు లేసినయి. గోడ పట్టుకున్నట్టు యాదున్నది. గా తర్వాత యాదిలేదు. ఫిట్స్ వచ్చినయట. రజితనే నా నోట్ల నురుగు తుడిసి, నన్ను పక్కకు తిప్పి, అంబులెన్సుకు ఫోన్ చేసిందట. పక్కకు తిప్పాల్నని ఆమెకు నేర్పింది నేనేనట. గా నిండు కడుపుతోని జగిత్యాలదాక నా తలకాయ ఒళ్లె పెట్టుకొని వచ్చింది. ఊరికి నా సంగతి గట్ల తెలిసింది.

ఆపరేషన్ చేసిండ్రు. ఆడపిల్ల. కిలోన్నర గూడ లేదు. నాకు తెలివి వచ్చేసరికి రెండు దినాలైంది. మా ఆయన మంచం పక్కన నిలవడ్డడు. గడ్డం పెరిగింది. "బతికే ఉన్నది. అద్దాల పెట్టెల పెట్టిండ్రు" అన్నడు. ఆడపిల్లనా, మొగపిల్లగాడా అని అడుగలే. ముందుగాల "స్వప్నకు చెప్పినవా?" అని అడిగిన. తలకాయ ఊపిండు.

మూడో దినం చక్రాల కుర్చీల చిన్నపిల్లల వార్డుకు తీస్కపోయిండ్రు. బయట బెంచీ మీద అమ్మమ్మలు, నాయినమ్మలు కూసున్నరు. మా ఆయన చీటీ రాయించుకురాను పోయిండు. బీర్పూర్‌కెల్లి వచ్చిన ఒక అవ్వ నా దిక్కు జరిగింది. ఆమె మనవడు గూడ లోపట ఉన్నడట.

"నీకు మనవడా, మనవరాలా బిడ్డా?"

సచ్చి బతికి వచ్చిన. కడుపు మీద కోత ఇంకా మండుతున్నది. అయినా నా నోట్లెకెల్లి వచ్చిన మాట ఏందో చూడుండ్రి.

"మనవరాలు అవ్వా."

"తల్లేది మరి?"

అద్దంలకెల్లి లోపటికి చూసిన. స్వప్న కుర్చీల కూసున్నది. పిల్లను రొమ్ముకు ఆనించుకొని, మీదికెల్లి దుప్పటి కప్పుకున్నది. దుప్పటిల చిన్న టోపీ ఒక్కటే కనవడుతున్నది. నేను వేలు పెట్టి చూపించిన.

అవ్వ కండ్లు చిన్నగ చేసి చూసింది. "గదేంది? గా పిల్ల మూడు దినాల సంది ఈడనే ఉన్నది. తల్లివా అని నర్సులు అడిగిండ్రు, నేనూ అడిగిన. కాదు, అక్కను, మా అమ్మ ఐసీయూల ఉన్నది అని అందరి ముంగట చెప్పింది. ఒంటి వేడి తాకాల్నంటే నేను కూసుంట అని ముంగటికొచ్చింది."

గప్పుడు అవ్వ నా చేతికున్న సూది చూసింది, నా ఒంటి మీదున్న దవాఖాన అంగీ చూసింది. ఆమెకు తెలిసిపోయింది. గా బెంచీ పక్కన నాకైన శరం ముంగట గన్ని నెలలు పడ్డదంత ఎందుకూ పనికిరాదు.

అవ్వ తిట్టలే. ఫ్లాస్కుల ఉన్న వేడి నీళ్లు గిలాసల పోసి నా చేతికి ఇచ్చింది. "తాగు, సల్లటియి తాగకు. మా ఇంట్ల నేనూ, నా పెద్దకోడలూ ఒక్క యేడాదే కన్నం. నవ్వినోళ్లు నవ్విండ్రు. పిల్లలిద్దరూ ఇప్పుడు ట్రాక్టర్లు నడుపుతున్నరు."

లోపటికి పోయిన. స్వప్న తల ఎత్తలే. "చేతులు కడుక్కున్నవా?" అన్నది. గన్ని దినాల తర్వాత నా బిడ్డ నాతోని మాట్లాడిన మొదటి మాట గది. కడుక్కొని వచ్చిన. పిల్లను నా మీదికి మార్చింది. చేతికి బరువే తెల్వలే. ఊపిరి మాత్రం తెలిసింది, నా మెడ కింద ఎచ్చగ, గబగబ.

"బయట అవ్వకు నేను మనవరాలని చెప్పిన" అన్న. ఎందుకో గప్పుడు దాసబుద్ధి కాలే.

"ఇన్న" అన్నది స్వప్న. "తలుపు తీసే ఉన్నది."

డిసెంబర్, జనవరి

నెల మీద నాలుగు దినాలు గా వార్డుల ఉన్నం. ఒక దినం పిల్ల బరువు పెరుగుడు, రెండు దినాలు తగ్గుడు. ఒకసారి ఊపిరి ఆగి నీలిగైంది, నర్సులు ఉరికొచ్చి కాళ్లు తట్టి లేపిండ్రు. స్వప్న వారంల నాలుగు దినాలు సిరిసిల్లకెల్లి బస్సుల వచ్చేది. నాతోని పని మాటలే మాట్లాడేది. పాలు పిండినవా, గోలీ మింగినవా, బరువు ఎంతున్నది.

మా ఏఎన్ఎం సిస్టర్ చూడనీకి వచ్చింది. నేను ఏడుసుకుంట దండం పెట్టవోతే చేతులు పట్టి ఆపింది. "నాకు కోపం నువ్వు కడుపుతోని ఉన్నందుకు కాదు సుగుణా. పదేండ్లు నా పక్కన కూసున్నవు, నాకు చెప్పబుద్ధి కాలేదా?" అన్నది.

ఒక మాపటీలి వరండల ఎండకు కూసున్నప్పుడు స్వప్న తనంతల తానే అన్నది.

"గా నాడు నువ్వు తీస్కపో అన్నప్పుడు, సరే అందామనుకున్న అమ్మా. మాట నోటిదాక వచ్చింది. నీ మీద కోపం తర్వాత. ముందు నా మీద నాకు భయమైంది. గందుకే ఎల్లిపోయిన."

నేను అడిగిన. "మరి ఇప్పుడు?"

"ఇప్పుడు అడుగకు. ఇప్పుడైతే నువ్వే ఇయ్యవు."

నా చేతులు పిల్ల సుట్టు బిగుసుకున్నయి. ఆమె చూసింది. నవ్విందో ఏడిసిందో నాకు సమజ్ కాలే. నిజమే, నేను ఇయ్య. అది గూడ నాకు శరమే. గా నాడు ఇస్త అన్నది స్వప్న మీద ప్రేమతోని కాదు, ఇప్పుడు ఇయ్యనన్నది పిల్లను ఇడువలేక. రెండుసార్లూ నొచ్చింది నా పెద్దబిడ్డకే.

స్వప్న కరీంనగర్ మందులు ఇంకా వాడుతున్నది. ఏమైతదో మాకు తెల్వది. ఆ సంగతి మేము అడుగం. ఆమె చెప్తే ఇంటం.

తొట్లె

ఇంటికొచ్చినంక పిల్లను తొట్లెల ఏసి పేరు పెట్టే దినం వచ్చింది. "ఇంట్లనే సప్పుడు లేకుంట చేసుకుందాం" అన్న నేను. స్వప్న ఒప్పుకోలే. "ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి పిలువు. బాపును పంపకు. నేను గూడ రాను. నువ్వే పోవాలె."

కుంకుమ డబ్బ పట్టుకొని నా వాడలనే నేను బయలెల్లిన. పదిహేనేండ్లు తిరిగిన వాడ, ప్రతి గడప దగ్గర కాళ్లు ఆగినయి. థైరాయిడ్ అని చెప్పిన ఇండ్లకే పోయి "నాకు బిడ్డ పుట్టింది, తొట్లెకు రాండ్రి" అని చెప్పాలె. కొందరు బొట్టు పెట్టించుకుంట నవ్వు ఆపుకున్నరు. ఒకామె "కొడుకు కోసమా సుగుణా? మల్ల ఆడపిల్లనేనాయె" అన్నది. "కొడుకు కోసం కాదు, అయ్యింది" అన్న. రజిత ఇంట్ల మాత్రం ఆమె అత్త నాకే ఎదురు బొట్టు పెట్టింది. రజితకు పది దినాల కింద కొడుకు పుట్టిండు.

ఆఖరికి సరోజ ఇంటికి పోయిన. నలభై ఒక్కేండ్లుంటయి, బీడీలు చేస్తది. మా ఇంటికెల్లి యాభై అడుగులు గూడ ఉండది. చాటల ఆకు పక్కకు పెట్టి బొట్టు పెట్టించుకున్నది. నేను లేవవోతుంటే "కూసో" అని తలుపు దగ్గరికేసింది.

"నాకు గూడ అయ్యింది సుగుణక్కా, రెండేండ్ల కింద. ఐదు నెలలు దాసిన. ఎవలో చెప్తే ఏదో మందు తాగిన. ఈ అర్రలనే పోయింది. నెల దినాలు లేవలే. బిడ్డలకు గూడ పచ్చకామెర్లని చెప్పిన."

"నాకు చెప్పకపోతివి సరోజా!"

"చెప్దామనే మీ ఇంటిదాక వచ్చిన. నువ్వు ఇంకో ఆశమ్మతోని మాట్లాడుతున్నవు. ఆ బజారుల ఎవలో పెద్దామెకు నెల తప్పిందని, మనవలను ఎత్తుకునే వయసుల గిదేం సోకని నవ్వుతున్నవు. గడప కాడికెల్లే మల్లిన."

నేను నవ్విన్నా? నవ్వే ఉంట. నాకు యాదే లేదు. ఎన్నిసార్లు నవ్విన్నో, ఎంతమంది గడప కాడికెల్లి మల్లిపోయిండ్రో. సరోజ చేతులు పట్టుకొని "నన్ను మాఫ్ చెయ్యి" అన్న. ఆమె కొంగుతోని కండ్లొత్తుకొని "ఎన్ని గంటలకు?" అని అడిగింది.

తొట్లె నాడు పిలిసినోళ్లల్ల సగం మందే వచ్చిండ్రు. అందరికంటే ముందుగాల సరోజ వచ్చింది. స్వప్న తన చెల్లె చెవుల పేరు చెప్పంగనే, సరోజ వంగి పిల్లను తొట్లెలకెల్లి ఎత్తుకున్నది. ఎత్తుకొని ఇంటి మూలకు పోయి, మా దిక్కు ఈపు తిప్పి నిలవడ్డది. అక్షింతలేసేటోళ్లు ఎదురు చూస్తున్నరు. మస్తు సేపు ఇయ్యలే.

నేను అడుగలే.